ఫ్లాపీ వాయనాలు

పాపని జోకొడుతుంటే నా వేళ్ళు ఒక వరసలో కదులుతున్నాయని ఈ సాయంత్రమే చూసుకున్నాను. అరచెయ్యి పాప వీపు మీద ఆని ఉంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, చూపుడు వేలు. మళ్ళీ మొదట్నించి. ఎ, ఎస్, డి, ఎఫ్. టైపు నేర్చుకునేవాళ్ళ మొదటి పాఠం. పాప పుట్టిన దగ్గర్నించీ తనని ఇలాగే నిద్రపుచ్చుతున్నానేమో, నాకే తెలీలేదు.

మధ్యాహ్నం ఇంటిగలావిడ ఫోనొచ్చిందని పిలిచింది. చీడికాడ స్నేహితురాలు. డిగ్రీ చదివే రోజుల్లో, చోడవరంలో కంప్యూటరు నేర్చుకునేటప్పుడు, బెంచీ మీద నా పక్కన కూచున్న మనిషి. “టైపు మేడమ్ పోయిందే,” అంది. “నిద్దట్లోనే పోయిందంట. నిన్న పొద్దున్న పాలావిడ ఎంత పిలిచినా తలుపు తియ్యలేదంట.” ఇంకా చాలా చెప్పింది. చంకలో పాప గింజుకుంటుంటే ముక్కలు ముక్కలుగా విన్నాను.

ఆయన నైట్ షిఫ్టుకి వెళ్ళారు. గాజువాకలో మా అద్దె వాటాలో నేనూ, దోమతెర లోపల పాపా. రాస్తూ రాస్తూ లేచి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని వస్తున్నాను. నిద్రలో పోవడం సుఖమైన చావని అందరూ అంటారు. పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో ఆ మాట వేరేగా వినబడుతుంది. ఆవిడ గురించి రాస్తుంటే భయం కొంచెం పక్కకి జరిగి కూచుంటోంది.

ఆవిడ అనగానే నాకు ముందు ముఖం గుర్తుకు రాదు. వేళ్ళు వస్తాయి. ఎవరు మాట్లాడుతున్నా ఆ మాటల్ని తన ఒళ్ళోనో, బల్ల అంచు మీదో టైపు కొట్టేసేది. మనం ఆగితే వేళ్ళూ ఆగేవి. “మాట పూర్తి చెయ్యవేటే గుంటా, నా లైను సగంలో ఉండిపోయింది,” అనేది. మధ్యాహ్నం కేరేజీ తిన్నాక కుర్చీలోనే కునుకు తీసేది. అప్పుడూ వేళ్ళు కదిలేవి, నీళ్ళలో కదిలినట్టు నెమ్మదిగా. నిద్రలో ఏం రాస్తోందోనని మేం చెవులు కొరుక్కునేవాళ్ళం. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

“ఏమో, నాను చదవలేదు,” అంది.

మెయిన్ రోడ్డు మీద ఎరువుల షాపు. దాని పక్కనించి మెట్లు. మెట్ల పైన ఆ గది. చెప్పులు బయట విడిచి లోపలికెళితే కిందనించి వచ్చే యూరియా వాసనా, టైపు మెషీన్ నూనె వాసనా కలిసి ఉండేవి. గది ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్. నేర్చుకునేవాళ్ళు తగ్గిపోతే, కింద షాపు ఓనరే టైపు మెషీన్లు అమ్మేసి ఒక కంప్యూటరు కొన్నాడు. టైపు నేర్పిన ఆవిడే తను కూడా నేర్చుకుంటూ కంప్యూటరు నేర్పడం మొదలెట్టింది. పేరు మాత్రం మారలేదు. అందరికీ టైపు మేడమే. ఓనరుకి వరసకి అక్క, అంచేత అతను అప్పా అని పిలిచేవాడు.

కీబోర్డు మీద చేతులు పెట్టాక దాని వైపు చూసేది కాదు. తల కిటికీ వైపు తిప్పేసేది. కింద రోడ్డు మీద చెరుకు లారీ వెళ్ళినప్పుడల్లా గదిలో వెలుగు తగ్గేది. లారీ నెత్తి మీద చెరుకు ఆకుల నీడ గోడ మీద నడిచి వెళ్ళిపోయేది. ఆవిడ వేళ్ళు అలా కొడుతూనే ఉండేవి. తెర మీద తెల్లటి అక్షరాలు పుడుతూనే ఉండేవి. ఇప్పటికీ కళ్ళు మూతలు పడుతున్నప్పుడు నాకు ఆ గది వస్తుంది. నీడా, అక్షరాలూ కలిసి ఏదో ఒకటే బట్టలా గోడంతా పరుచుకుని కనిపిస్తాయి.

ఆవిడ ప్రోగ్రాములు రాసే పద్ధతి ఇంకెక్కడా చూడలేదు నేను. ముందు మూలన అమ్మకుండా మిగిలిన ఒక్క టైపు మెషీన్ మీద కార్బన్ పెట్టి కొట్టేది. కాగితం మీద సరిగ్గా ఉందనుకున్నాకే కంప్యూటర్లోకి. సి భాషలో మాటిమాటికీ ఫ్లవర్ బ్రాకెట్లు కావాలి కదా, టైపు మెషీన్లో ఆ అక్షరం లేదు. దాని చోటు ఖాళీ వదిలేసి, తర్వాత ఎర్ర ఇంకుతో చేత్తో పెట్టేది. ఒక్కొక్కటీ నెమ్మదిగా, వంపు తిరిగి, చెవికి పెట్టుకునే రింగులా ఉండేది. తన చేతిరాత మీద కొంచెం గర్వం కూడా ఉండేది. మేం పెట్టిన బ్రాకెట్లు చూసి, “ఇది బ్రాకెట్టా, విరిగిన కొడవలా?” అనేది. వివరించి చెప్పడం మాత్రం పెద్దగా వచ్చేది కాదు. రెండోసారి అడిగితే విసుక్కునేది. మూడోసారి అడిగితే లేచి మన భుజం మీదనించి చేతులు చాపి, మన వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి కొట్టించేది. చాలా విషయాలు నాకు అలా వేళ్ళకే తెలుసు.

మొదట్లో ఆ కంప్యూటర్లో ఉన్న కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రామును మెషీన్ నడిపేలా మార్చిపెట్టే సాధనం, కంప్యూటరు బిగించిన మెకానిక్ వేసి వెళ్ళినది. అది డబ్బిచ్చి కొనాల్సిన వస్తువనీ, తమ దగ్గరున్నది దొంగ కాపీ అనీ కొన్నాళ్ళకి ఆవిడకి తెలిసింది. అప్పట్నించి దానితో పని చేస్తున్నంతసేపూ ముఖం అదోలా పెట్టేది. “పక్కోడి చేలో చెరుకు విరుచుకు తింటన్నట్టుందే,” అనేది. విశాఖపట్నంలో ఇంజినీరింగు చదివే మేనకోడలు ఒకామె ఇంకో కంపైలర్ ఉందని చెప్పింది. ఎక్కడెక్కడి వాళ్ళో చేసి ఊరికే ఇచ్చేస్తున్నదట. ఆవిడ ఒక ఆదివారం వెళ్ళి దాన్ని ఫ్లాపీల్లోకి ఎక్కించుకుని, దారిలో ఎండా దుమ్మూ తగలకుండా టిఫిను కేరేజీలో పెట్టుకుని తెచ్చింది. సెట్టుకి ఏడు ఫ్లాపీలు.

దానితో పాటు పొడుగాటి ఇంగ్లీషు షరతుల కాగితం ఒకటి తెర మీద వచ్చేది. మాకెవరికీ చదివే ఓపిక లేదు. ఆవిడ మాత్రం మమ్మల్ని వరసగా కూచోబెట్టి అదంతా చదివి తెలుగులో చెప్పింది. దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు. లోపల ఎలా చేశారో విప్పి చూసుకోవచ్చు. మార్చుకోవచ్చు. ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఇచ్చేటప్పుడు నీకున్న వీలంతా వాళ్ళకీ ఇవ్వాలి, ఏదీ దాచుకోకూడదు. చదవడం అయ్యాక చాక్‌పీసు పొడి చిటికెడు తీసి మా నెత్తి మీద వేసింది. “కథ విన్నారు కదా, ఇవే అక్షింతలు.”

తర్వాత మా చేత ఫ్లాపీలు తెప్పించి ఒక్కొక్కరికీ ఒక సెట్టు కాపీ చేసింది. ఇచ్చేటప్పుడు నోముల్లో ముత్తయిదువలు వాయనం ఇచ్చినట్టే రెండు చేతులా పట్టుకుని, “ఇస్తినమ్మ వాయనం,” అంది. “పుచ్చుకుంటినమ్మ వాయనం,” అని తిరిగి అంటేనే చేతిలో పెట్టేది. మగపిల్లలకీ అదే రూలు. రోలుగుంట నించి వచ్చే అతనొకడు సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు.

“మా ఇంట్లో కంప్యూటరు లేదు కదండి మేడమ్,” అన్నాడు తప్పించుకోడానికి.

“ఇప్పుడు లేదు.”

“ఎప్పటికొస్తాదో తెలీదు కదండి.”

“వచ్చిన్నాడు నువ్వు మళ్ళీ నా కాడికి పరిగెట్టకుండా ఇస్తన్నాను బాబూ. అను.”

అన్నాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం.

మా ఎవరిళ్ళలోనూ కంప్యూటర్లు లేవు. ఆ ఫ్లాపీలు ఊళ్ళకి వెళ్ళాయి. ఓనరు పైకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, “అప్పా, అందరికీ పంచీస్తే మన కాడికి ఎవులొస్తారు?” అన్నాడు. “ఎవుళ్ళింట్లో కంప్యూటరుందని మానీస్తారు?” అంది ఆవిడ. అతను ఆలోచించి దిగి వెళ్ళిపోయాడు.

ఆవిడ ఆ వాయనం ఆట ఎందుకు పెట్టిందో అప్పుడు నేను ఆలోచించలేదు. ఆవిడకి భర్త పోయి చాలా ఏళ్ళయింది. మా వీధిలోనే ఉండేది. శ్రావణ శుక్రవారాల్లో సాయంత్రం పూట ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని పేరంటాలకి వెళ్ళేటప్పుడు ఆవిడ గుమ్మం దగ్గర ఆగేవారు కాదు. అలా అని మొహం తిప్పుకునేవారూ కాదు, పలకరించి నడిచిపోయేవారు. గదిలో చోటు చాలక ఇంటికి తెచ్చుకున్న పాత మెషీన్ ఇంకోటి ఉండేది ఆవిడకి. వాళ్ళు నడిచి వెళ్ళేంతసేపూ లోపల టైపు చప్పుడు వినబడేది. వాళ్ళు మలుపు తిరిగాక ఆగిపోయేది. చిన్నప్పట్నించీ విన్నాను. పళ్ళెం మోసుకుంటూ అమ్మ వెనకాల నడిచిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ చలికాలం ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. కోపంగా కాదు, మెట్ల మీద నిలబడి నేల చూస్తూ అన్నాడు. ఎరువుల బస్తాలకి కింద చోటు చాలడం లేదు. గది మీద ఏమీ రావడం లేదు. “కంప్యూటరు అమ్మీసి బస్తాలు పైకెక్కించుకుంటానప్పా. నానేటి సేస్తాను సెప్పండి.”

ఆవిడ దగ్గర ఒకే ఆశ మిగిలింది. ఊళ్ళో చెరుకు రైతుల సంఘం ఒకటుంది. పంచదార ఫేక్టరీలో క్రషింగు మొదలైతే ఎవరి చెరుకు ముందు నరకాలన్న దగ్గర ఏటా గొడవే. నరకడం ఆలస్యమైతే చెరుకు ఎండి బరువు తగ్గిపోతుంది. నాటిన తేదీ బట్టి ఎవరి వంతు ఎప్పుడో చెప్పే ప్రోగ్రాము ఆవిడ రాస్తోంది. సంఘం కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు. ఒకసారి వచ్చి చూసి, “ఇది కొన్నదా అమ్మా, కొట్టుకొచ్చిందా?” అని అడిగారు. దొంగ సొత్తుతో రైతుల వంతులు రాయించనని ఖచ్చితంగా చెప్పారు. “రెండూ కాదు మాస్టారూ, ఇచ్చింది,” అని ఆవిడ షరతుల కాగితం మొత్తం ఆయనకీ చదివి వినిపించింది. సోమవారం వస్తాను, పని చేసి చూపించండి, నచ్చితే సంఘం పని అంతా మీ గదికే అన్నారు ఆయన. ఓనరు సరేనన్నాడు. “సోమవారం దాకా బస్తాలు కిందే ఉంటాయి.”

శుక్రవారం నాడు కంప్యూటరు లోపల ఎవరో కంకర నమిలినట్టు చప్పుడొచ్చింది. తెర నల్లబడిపోయింది. హార్డ్ డిస్కు పోయింది.

అనకాపల్లి నించి మెకానిక్ వచ్చి వేరే డిస్కు బిగించాడు. దొంగ కంపైలరు మళ్ళీ వేసిస్తానన్నాడు. వద్దంది. ప్రోగ్రాము కార్బన్ కాపీ ఉంది, మళ్ళీ కొట్టుకోవచ్చు. కావలసింది ఆ ఏడు ఫ్లాపీలు.

“మీ సెట్టేది అప్పా?” అన్నాడు ఓనరు.

“ఆఖరికొచ్చిన దేవరాపల్లి పిల్లకి ఇచ్చీసేను. డిస్కులో ఉంది కదా అనుకున్నాను.”

“ఒక్కటీ ఉంచుకోలేదేటి?”

“వాయనంలో సగం దాచుకుంటారేటి?”

“సరే, ఎల్లి అడిగి ఒట్టుకురండి. ఊళ్ళ నిండా ఉన్నాయి కదా మీయి.”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “ఇచ్చింది తిరిగి అడగడమేటి? తప్పు.” మేనకోడలికి ఫోను చేయించింది. ఆ అమ్మాయి సెలవులకి ఊరెళ్ళిందట. ఆవిడ కుర్చీలో కూచుని కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. వేళ్ళు ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి. అవి అలా కదలకుండా ఉండడం నేను మొదటిసారి చూశాను. నాకు భయం వేసింది.

ఇంటికి పరిగెత్తి దేవుడి గూట్లో ఉన్న నా సెట్టు తీశాను. మా అమ్మ దాన్ని అక్కడ పెట్టిన సంగతి తెలుసు గానీ, ఏం చేసిందో అప్పుడే చూశాను. వాయనం ఇచ్చారని నేను చెప్పిన మాట అమ్మ మనసులో పెట్టుకుంది. ఒక్కొక్క ఫ్లాపీకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. కాగితం అంటించిన చోట పెట్టినా బాగుండేది. కింద అటూ ఇటూ జరిగే రేకు ఉంటుంది చూడండి, మెరుస్తోంది కదా, అదే ముఖం అనుకుంది. పసుపు దాని సందుల్లోంచి లోపలికి దిగిపోయింది.

తీసుకెళ్ళి మేడమ్‌కి చూపించాను. రేకు జరిపి చూసింది, వాసన చూసింది, చాలాసేపటికి నవ్వింది. “పేరంటానికెళ్ళొచ్చినట్టున్నాయే. ఇవి లోపలికెళితే డ్రైవు కూడా ముత్తయిదువైపోతాది. ఒట్టుకెళిపో.”

ఆ సాయంత్రం అమ్మ వంటింట్లో పీట మీద కూచుని అంతా విన్నది. “ఆవిడ అడగనందా?” అంది.

“అడగదట.”

“అడక్కపోతే పోనీ. మీరే ఎదురెళ్ళి ఇవ్వండి. వాయనం పట్టుకుని ఎదురుగా నిలబడితే పుచ్చుకోనంటాదా?” అని, మాట మధ్యలోనే ఆగింది. తను ఏమన్నదో తనకే వినబడినట్టుంది. ఆవిడకి వాయనమా. అమ్మ చేతిలో బెండకాయ అలాగే ఉండిపోయింది.

“ప్లాస్టిక్ ముక్కలు,” అంది అమ్మ చివరికి, బెండకాయ కోస్తూ. “పళ్ళెంలో పువ్వులు కూడా పెట్టు. ఉత్తి పళ్ళెం బాగోదు.”

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. ఆ ప్రయాణం నా జ్ఞాపకంలో నడిచినట్టుండదు, తేలినట్టుంటుంది. మంచు ఇంకా విడలేదు. రోడ్డుకి రెండు వైపులా చెరుకు, పైన బూడిద రంగు పూత, ఎక్కడో బెల్లం కాగుతున్న వాసన. బస్సు మంచులోంచి వెళుతుంటే చెరుకు తోటలే పక్కకి తప్పుకుని దారిచ్చినట్టుండేది. చీడికాడ దగ్గరికొచ్చేసరికి కొండలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆ గది పోతే మేమందరం ఎక్కడ కలుస్తాం అన్నది ఒక్కటే నా బుర్రలో తిరుగుతోంది. కంప్యూటరు మీద నా చెయ్యి పెట్టనిచ్చే చోటు నాకు అప్పటికి ఇంకొకటి తెలీదు.

స్నేహితురాలు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఫ్లాపీలు ఒక్కొక్కటే తీసింది. చెమ్మ తగలకుండా అక్కడ దాచిందట. నాతో పాటు తనూ బయల్దేరింది. దేవరాపల్లి అమ్మాయి ట్రంకు పెట్టెలో, తన చిన్నప్పటి పట్టు పరికిణీలో చుట్టి ఉంచింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. “ఇందులో ఏటుందే?” అని వాళ్ళమ్మ నన్నడిగింది. ఏం చెప్పాలో తెలీక, “మేడమ్‌ది,” అన్నాను. ఆవిడ తలూపి, పళ్ళెంలో పెట్టుకోమని రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టింది.

రోలుగుంటకి కబురు మాత్రమే పంపగలిగాం. సోమవారం పొద్దున్న మేం మెట్లెక్కేసరికి అతను ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. ఫ్లాపీలు దారం కట్టి ఇంట్లో కేలండరు పక్కన వేలాడదీసుకున్నాడట, వచ్చినవాళ్ళందరూ చూస్తారని. ఆ దారాలతోనే తెచ్చాడు.

మేడమ్ కుర్చీలో ఉంది. పళ్ళెం చూసి లేచి నిలబడింది. పళ్ళెంలో బంతిపువ్వులు, అరటిపళ్ళు, నల్లటి ఫ్లాపీలు. నేను ముందుకెళ్ళాను.

“ఇస్తినమ్మ వాయనం.”

ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. “నాకేటే,” అంది నెమ్మదిగా. “నాకియ్యకూడదు గుంటా. తెలీదేటి నీకు?”

“మీరు మాకిచ్చారు కదా మేడమ్.”

“అది వేరు. అది ఆటకి.”

కింద ఓనరు ఎవరితోనో యూరియా గురించి మాట్లాడుతున్నాడు. నా చేతుల్లో పళ్ళెం బరువెక్కుతోంది. అప్పుడు రోలుగుంట అతను, సిగ్గుతో మెలికలు తిరిగినవాడు, నా పక్కకొచ్చి పళ్ళేనికి ఒక చెయ్యి వేశాడు. “షరతుల్లో అలాగ లేదండి మేడమ్,” అన్నాడు. “ఎవులికైనా ఇవ్వొచ్చన్నారు. మీరే సదివేరు.”

ఆవిడ అతని వైపు చూసింది. మా అందరి వైపూ చూసింది. చీర కొంగు భుజం మీదకి తెచ్చుకుని, రెండు చేతులూ చాపింది. అప్పటికి ఆవిడ ఆ మాట అని ఎన్నేళ్ళయిందో. పెదవులు కదిలాయి గానీ మొదట వినబడలేదు. రెండోసారి వినబడింది. “పుచ్చుకుంటినమ్మ వాయనం.”

తర్వాత అంతా తొందర. చీడికాడ సెట్టులో ఒకదాన్ని కంప్యూటరు చదవలేదు. దేవరాపల్లి సెట్టులో అదే నంబరుదీ చదవలేదు. దారం కట్టి గోడకి వేలాడిన రోలుగుంటది ఎందుకో చదివింది. మూడు ఊళ్ళ ఫ్లాపీలు కలిసి ఒక కంపైలర్ అయింది. నేను కార్బన్ కాపీ చూసి చదువుతుంటే ఆవిడ కిటికీ వైపు తిరిగి కొట్టింది. చదివేదాన్ని నేనే కదా, ఒక చోట ఎర్ర ఇంకు వెలిసిపోయి బ్రాకెట్టు కనబడక వదిలేశాను. కంపైలర్ తెరనిండా తప్పులు చూపించింది. ఆవిడ ఆ తప్పుల వరస చూసి, “ఒక్కటి మూయలేదు, అంతే,” అని ఆ ఒక్కటీ పెట్టింది. మళ్ళీ నడిపింది. ఈసారి తెర మీద ఏమీ రాలేదు. తర్వాతి ఆజ్ఞ కోసం గీత మిణుకుమంటూ నిలబడింది.

“ఏమీ అనలేదేంటి మేడమ్?”

“ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే.”

మాస్టారు వచ్చి కుర్చీ లాక్కుని కూచున్నారు. రైతుల పేర్లూ, నాటిన తేదీలూ ఆయన చెబుతుంటే ఆవిడ ఎక్కించింది. వంతుల వరస తెర మీద వచ్చింది. మాస్టారు కళ్ళద్దాలు సరిచేసుకుని పైనించి కిందకి చదువుకుంటూ వెళ్ళి, అడుగున ఆగారు.

“నాది ఆఖర్నుందేటమ్మా?”

ఓనరు గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

“మీరు ఆలస్యంగా నాటేరు మాస్టారూ.”

“నాటేను. నిజమే.” ఆయన ఇంకోసారి చూశారు. “నాదే ఆఖర్న ఉందంటే ఇంక ఎవుడూ కిక్కురుమనడు. ఇదే కావాలి మాకు.” లేచి, వెళ్ళేముందు, “దీన్ని నేను కూడా ఒకటి తీసుకోవచ్చని చదివేవు కదూ,” అన్నారు. ఆవిడ అప్పటికప్పుడు ఒక సెట్టు కాపీ మొదలెట్టింది.

ఓనరుకి కూడా ఒక సెట్టు ఇచ్చింది ఆ రోజు. అతను మీసం దువ్వుకుంటూ మెట్ల వైపు ఎవరైనా వస్తున్నారేమో చూసి, చెప్పాల్సింది గబగబా చెప్పేసి, ఫ్లాపీలు జేబులో కుక్కుకుని దిగిపోయాడు. ఈసారైనా ఒకటి మీ దగ్గర ఉంచుకోండి మేడమ్ అన్నాను. “మీ ఇళ్ళల్లో ఉన్నాయి కదే,” అంది, కిటికీ వైపు తిరుగుతూ.

పాప కదిలింది. వెళ్ళి చూసి వచ్చాను. గుప్పిట బిగించి పడుకుంది, నుదుటి మీద సన్నగా చెమట. ఫేను కొంచెం పెంచి, మళ్ళీ చల్లగా ఉంటుందేమోనని తగ్గించాను.

మధ్యాహ్నం ఫోనులో స్నేహితురాలు చెప్పిన ముక్కలు ఇప్పుడు ఒక్కొక్కటే కలుస్తున్నాయి. ఓనరు షాపు షట్టరు దించేసి, దగ్గరుండి అన్నీ చూశాడట. దహనం అయ్యాక అందరూ పైన గదికి కూడా తాళం వేస్తాడనుకున్నారు. తాళం చెవి మా తర్వాత బేచీ అమ్మాయి ఒకామెకి ఇచ్చి, సాయంత్రం క్లాసు ఎప్పటి టైముకే పెట్టమన్నాడట. ఏడుస్తూనే పెట్టిందట ఆ పిల్ల. స్నేహితురాలు కూడా వెళ్ళి వెనక బెంచీలో కూచుందట. మధ్యలో కింద ఎరువుల లారీ వచ్చి ఆగింది. హమాలీలు ఎప్పట్లా బస్తాలు దబ్బుదబ్బున పడేస్తుంటే ఓనరు అరుగు మీదనించి లేచి వెళ్ళాడట.

“మెల్లిగా దించండొరే,” అన్నాడట. “పైన క్లాసు జరుగుతంది.”